ఆ పొక్కు ఏ రకమో ముందు తేలనీ, చెల్లీ

ప్రశ్న:

అప్పా, మాది పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. నాకు 27 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. మా ఆయన సూరత్‌లో మగ్గాల ఫ్యాక్టరీలో పని చేస్తారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఈ సంక్రాంతికి భోగి ముందురోజు దిగారు. ఐదో రోజున ఆయనకి కింద, మర్మాంగం మీద గుంపుగా నీటి పొక్కులు లేచాయి. ఒకటే మంట, జ్వరం, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. మా అత్తమ్మ సర్పి అని మంత్రం వేయించి కావి పూయించింది. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరు గారు ఒరియాలో గబగబా చెప్పేశారు. నాకు 'జౌన రోగ', అంటే సుఖవ్యాధి, అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. చీటీ మీద హెర్పిస్ అని రాసి ఉంది. ఫోన్‌లో చూస్తే జన్మలో పోదని, పెళ్లానికి అంటుకుంటుందని ఉంది. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అక్కడ ఎవరితోనైనా తిరిగారా అని అడిగితే అమ్మ మీద ఒట్టు అంటున్నారు. ఇప్పుడు ఆయన వీధి అరుగు మీద పడుకుంటున్నారు, నేను లోపల. కంచం, గ్లాసు వేరు పెట్టాను, బట్టలు వేరుగా ఉతుకుతున్నాను. నాకైతే కింద ఇంతవరకూ ఏమీ రాలేదు. జ్వరం తగిలితే పెదవి మీద పొక్కులు మాత్రం చిన్నప్పటినుంచీ వస్తాయి, పండక్కి ముందు కూడా వచ్చాయి. నాకూ అంటుకుంటుందా? మేం ఇక కలవకూడదా? పిల్లలు పుడితే వాళ్లకీ వస్తుందా? నెలాఖరుకి ఆయన మళ్లీ రైలెక్కేస్తారు.

– ఓ చెల్లెలు, గజపతి జిల్లా

జవాబు:

అప్పా అని పిలిచావు. మన వైపు అక్కని అలా పిలిచే ఇల్లు ఇప్పటికీ ఉందని చూసి సంతోషం కలిగింది. ఆ చనువుతోనే నిన్ను నువ్వు అని రాస్తున్నాను, ఏమనుకోకు.

నీ ఉత్తరంలో చివరికొచ్చేసరికి తేలిగ్గా ఒక మాట అనేసి వెళ్లిపోయావు. జ్వరం వస్తే పెదవి మీద పొక్కులు వస్తాయని, పండక్కి ముందు కూడా వచ్చాయని. ఉత్తరం మొత్తంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అది. ఎందుకంటే ఆ పెదవి మీద పొక్కు పేరు కూడా హెర్పిసే.

హెర్పిస్ వైరస్‌లో మనకి కావలసినవి రెండు రకాలు. ఒకటో రకం ఎక్కువగా నోటి దగ్గర ఉంటుంది. చిన్నప్పుడు పెద్దవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడు, వాళ్ల ఎంగిలి తగిలినప్పుడు మనకి తెలియకుండానే వచ్చేస్తుంది. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో నూటికి 64 మందిలో ఈ ఒకటో రకం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నాకూ ఉంది. పరీక్షల రోజుల్లో పెదవి చివర చిటచిటలాడి పొక్కు లేచేది. మా నాన్నమ్మ సాలీడు పాకిందని చెప్పి పసుపు రాసేది. సాలీడూ లేదు, బల్లీ లేదు, అది హెర్పిసేనని చదువుకున్నాకే నాకు తెలిసింది. రెండో రకం ఎక్కువగా నడుం కింద ఉంటుంది, కలయిక వల్ల వస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల మధ్య వాళ్లలో నూటికి 13 మందికి అది ఉంది. వాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఎప్పుడో చిన్న గీతలా చర్మం చిట్లితే చెమటకి ఒరిసిందనుకుని ఊరుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నోటి దగ్గరి ఒకటో రకం కిందకి కూడా రాగలదు. నోటితో సుఖపెట్టేటప్పుడు పెదవి మీద పొక్కు ఉంటే, లేదా పొక్కు ఎండి పెచ్చు ఇంకా రాలకపోతే, అక్కడి వైరస్ అవతలి మనిషి మర్మాంగానికి అంటుకోవచ్చు. అంటుకున్నాక 2 నుంచి 12 రోజుల్లో, సగటున నాలుగు రోజులకి, పొక్కులు లేస్తాయి. పండక్కి ముందు నీ పెదవి మీద పొక్కులు. భోగి ముందురోజు ఆయన దిగారు. ఐదో రోజున ఆయనకి పొక్కులు. మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నేను అడగను, అది నీకే తెలుసు. కానీ ఆయన్ని అరుగు మీదకి పంపేముందు ఈ లెక్క ఒకసారి వేసుకో.

అలాగని ఇది నీ నుంచే వచ్చిందని నేను తీర్పు చెప్పడం లేదు. మన దేశంలో చాలామందికి ఒకటో రకం చిన్నతనంలోనే ఒంట్లో చేరిపోతుంది. అలా ముందే ఉన్నవాళ్లకి కింద మళ్లీ అదే రకం కొత్తగా అంటుకోవడం అరుదు. ఆయనకి చిన్నప్పుడు పెదవి మీద పొక్కులు వచ్చేవా అని అడుగు. వచ్చేవి అంటే రెండో రకాన్ని గట్టిగా అనుమానించాలి. రెండో రకమే అని తేలినా, నిన్న మొన్న సూరత్‌లో ఎవరి దగ్గరికో వెళ్లారని దాని అర్థం కాదు. ఈ వైరస్ ఒంట్లో చేరి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక గానీ మొదటి పొక్కు కంటపడకపోవచ్చు. పెళ్లికి ముందుది కావచ్చు. వెళ్లి కూడా ఉండవచ్చు, ఆ అవకాశం లేదని నేను నీకు అబద్ధం చెప్పను. అయితే పొక్కుని చూసి ఎవరూ, ఏ డాక్టరూ, అది ఎప్పుడు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పలేరు. అమ్మ మీద ఒట్టు వేయించుకున్నా తేలదు. తేల్చగలిగింది పరీక్షే, అదీ కొంతవరకే.

పరీక్ష ఎలాగో చెప్తాను. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడే దాని అడుగు నుంచి దూదిపుల్లతో తడి తీసి పీసీఆర్ అనే, వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష చేస్తే ఒకటో రకమా రెండో రకమా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. పెచ్చు కట్టేశాక తీస్తే లాభం తక్కువ. ఈసారికి ఆ సమయం దాటిపోయి ఉంటే, రకాన్ని విడదీసి చెప్పే ఐజీజీ రక్తపరీక్ష ఉంది. వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న రక్షణని రక్తంలో చూసేది అది. ల్యాబ్‌లో 'హెచ్‌ఎస్‌వీ 1, 2 వేరువేరుగా ఐజీజీ కావాలి' అని అడగాలి, హెచ్‌ఎస్‌వీ అంటే ఈ హెర్పిస్ వైరసే. రెండూ కలిపి ఒకే అంకె ఇచ్చేది వద్దు. ఐజీఎం అని ఇంకోటి రాస్తుంటారు, దానికి డబ్బు తగలెయ్యకండి, ఈ జబ్బులో దానివల్ల ఏమీ తేలదు. ఐజీజీ రక్తంలో పూర్తిగా కనిపించడానికి 12 వారాల దాకా పట్టవచ్చు. అందుకే ఇప్పుడు ఏమీ లేదని వస్తే, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. మొదటిసారి లేనిది తర్వాత కనిపిస్తే ఇది కొత్తగా అంటుకున్నదని అర్థం. పొక్కులు లేచిన రోజుల్లోనే రెండో రకం బలంగా కనిపిస్తే ఇది పాతది, ఇప్పుడు బయటపడింది. అంకె మరీ తక్కువగా వచ్చి 'పాజిటివ్' అని ఉంటే అది తప్పు కూడా కావచ్చు, ఇంకో పరీక్షతో సరిచూడమని అడగండి. నీ రక్తం కూడా అదే రోజు ఇవ్వు. నీకు ఏది ఉంది, ఏది లేదు అన్నది తెలిస్తేనే నువ్వు ఎంత జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

ఎందుకంటే, ఆయనది ఒకటో రకమే అయితే నీకు దాదాపు దిగులు లేదు. అది నీ ఒంట్లో ముందే ఉంది, నీ ఒళ్లు దాన్ని ఎదుర్కోవడం ఎప్పుడో నేర్చుకుంది. కిందకి వచ్చిన ఒకటో రకం మాటిమాటికీ లేవదు కూడా. చాలామందికి మొదటి ఏడాదిలో ఒకసారి వస్తే వచ్చినట్టు, తర్వాత ఇంకా తగ్గిపోతుంది. రెండో రకం అయితే మొదటి ఏడాది నాలుగైదు సార్లు లేవడం మామూలు, పోనుపోను పలచబడుతుంది. నీకు రెండో రకం లేకపోతే అది నీకు అంటుకోవచ్చు. నీ పెదవి పొక్కు దాన్ని ఆపదు.

మీ అత్తమ్మ సర్పి అనడంలో తప్పు పట్టను. నిజానికి హెర్పిస్ అన్న గ్రీకు మాటకీ మన సర్పికీ మూలం ఒకటే, పాకడం. కానీ మనవాళ్లు సర్పి అనేది ఆటలమ్మ తెచ్చే వైరస్ వల్ల వస్తుంది. నడుం మీదో ఛాతీ మీదో ఒక పక్కన పట్టీలా లేస్తుంది. అది ఇదీ ఒకే కుటుంబం, ఒకే జబ్బు కాదు. కావి, సున్నం, పసుపు పచ్చిపుండు మీద పడితే చీము పడుతుంది, అంతే. మందుల షాపులో అడగగానే ఇచ్చే దురద క్రీములు ఇంకా చెడ్డవి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, పొక్కు ఇంకా విస్తరించవచ్చు.

ఇక కంచం, గ్లాసు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఉదయం గుణుపూర్ రైలు దిగి ఓ జంట వచ్చారు. నా గది బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చుని మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. లోపలికి వచ్చాక ఆ అమ్మాయి సంచీలోంచి పాత గుడ్డలో చుట్టిన స్టీలు గ్లాసు తీసింది. అడుగున మేకుతో ఇంటూ గుర్తు గీసి ఉంది. భర్తది అది. 'దీన్ని ఇంక కరిగించెయ్యాలా మేడమ్?' అని అడిగింది. నేను కుండలో నీళ్లు ఆ గ్లాసుతోనే ముంచుకుని తాగాను. ఆ భర్త నా వైపు చూడలేదు, ఆ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలలుగా ఇంట్లో వేరే కంచంలో తింటున్న మనిషి.

కింది హెర్పిస్ కంచం వల్ల, గ్లాసు వల్ల, మంచం వల్ల, మరుగుదొడ్డి వల్ల, చెరువులో స్నానం వల్ల రాదు. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. చర్మానికి చర్మం రాసుకోవాలి, అదీ వైరస్ ఉన్నచోట. బట్టలు కలిపే ఉతుకు. పక్కనే పడుకో. భుజం మీద చెయ్యి వెయ్యి. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకున్న చేత్తో కళ్లు నలుముకోకూడదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది ఆయనకీ చెప్పు, నీ పెదవికి పొక్కు వచ్చినప్పుడు నువ్వూ గుర్తుపెట్టుకో. కంట్లో పడితే చూపుకే ముప్పు.

మరి అంటుకునేది ఎప్పుడు? పొక్కులు తగ్గాక వైరస్ చచ్చిపోదు. వెన్ను అడుగున ఉన్న నరాల ముడుల్లోకి వెళ్లి దాక్కుంటుంది. ఒంట్లో నలత, నిద్రలేమి, రాత్రి షిఫ్టుల అలసట, టెన్షన్, ఏదో ఒకటి తగిలినప్పుడు అదే నరం వెంట మళ్లీ చర్మం పైకి వస్తుంది. రావడానికి ఒకటి రెండు రోజుల ముందు చాలామందికి తెలుస్తుంది. అక్కడ చిటచిట, దురద, పిరుదులోంచి తొడలోకి లాగినట్టు నొప్పి. ఆ మొదటి చిటచిట నుంచి చివరి పెచ్చు రాలి కొత్త చర్మం వచ్చేదాకా కలయిక వద్దు, కండోమ్ ఉన్నా వద్దు. నోటితో కూడా వద్దు. అంటుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న రోజులు అవి. ఆయన తన ఒంటి కబురు గుర్తుపట్టడం నేర్చుకోవాలి, గుర్తుపట్టగానే నీతో నోరు తెరిచి చెప్పగలగాలి. 'ఇవాళ బాగోలేదు' అన్న రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు అనగలిగేలా నువ్వు ఉండాలి. అరుగు మీద పడుకున్న మనిషి ఆ మాట అనడు.

ఏమీ కనిపించని రోజుల్లో కూడా కొద్దిగా వైరస్ చర్మం మీదకి వస్తూ ఉంటుంది. రెండో రకం ఉన్నవాళ్లని రోజూ పరీక్షిస్తూ పోతే, ఎప్పుడూ పొక్కులు లేవనివాళ్లలో కూడా పది రోజుల్లో ఒక రోజు వైరస్ దొరికింది. సోకిన మొదటి ఏడాది ఇంకా ఎక్కువ. అందుకే పొక్కులు లేనంత మాత్రాన ఏమీ కాదని ధీమాగా ఉండకూడదు, చాలామందికి అంటుకునేది ఈ మామూలు రోజుల్లోనే. పైగా మగవాళ్ల నుంచి ఆడవాళ్లకి సోకినంత సులువుగా ఆడవాళ్ల నుంచి మగవాళ్లకి సోకదు. మన శరీరం తీరు అది.

ఇంతమాత్రానికి కలిసి ఉండకూడదా అన్నావు. ఉండవచ్చు, తప్పకుండా ఉండవచ్చు. 2004లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్తాను. ఒకరికి రెండో రకం ఉండి మరొకరికి లేని 1,484 జంటల్ని ఎనిమిది నెలలు గమనించారు. జబ్బు ఉన్న మనిషికి హెర్పిస్‌ని అణిచే వాలసైక్లోవిర్ మాత్ర రోజూ 500 మిల్లీగ్రాములు ఇచ్చిన జంటల్లో నూటికి ఇద్దరి కన్నా తక్కువ మందికి అంటుకుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జంటల్లో కూడా నూటికి నలుగురి లోపే. అంటే అసలు మందు రిస్కుని దాదాపు సగానికి తగ్గించింది. దానికి తోడు కండోమ్, పొక్కులున్న రోజుల్లో దూరం. మూడూ కలిస్తే నువ్వు ఫోన్‌లో చదివి భయపడినంత ఏమీ మిగలదు. మీ ఆయన ఏడాదికి రెండుసార్లే వస్తారు కాబట్టి, రావడానికి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టి ఇక్కడ ఉన్నన్నాళ్లూ మాత్ర వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. కిడ్నీ ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి, మోతాదు మారుస్తారు.

కండోమ్ సంగతి కూడా విడమరిచి చెప్పాలి, మన దగ్గర ఇది ఎవరూ చెప్పరు. అది పూర్తి కవచం కాదు. కప్పినంత మేర కాపాడుతుంది, తొడ మూలలో, వృషణాల మీద వైరస్ ఉంటే దానికి అందదు. అయినా మొదటి స్పర్శ నుంచీ వాడితే రిస్కు బాగా తగ్గుతుంది, చివర్లో తొడుక్కుంటే కాదు. మన ఇళ్లలో తడి చాలకపోతే కొబ్బరినూనె రాయడం అలవాటు. నూనె తగిలితే రబ్బరు మెత్తబడి చిరిగిపోతుంది. వాసెలిన్ కూడా అంతే. మందుల షాపులో నీటితో చేసిన జెల్లీ దొరుకుతుంది, అది వాడండి. తడి లేకుండా ఒరిస్తే చర్మం కనబడనంత సన్నగా చిట్లుతుంది, వైరస్‌కి అదే గుమ్మం. ఆరు నెలల తర్వాత కలిసిన భార్యాభర్తలకి తొందర ఉంటుంది, తెలుసు. కాస్త నిదానించండి. నీ పెదవికి పొక్కు ఉన్నప్పుడు ఆయనకి ముద్దూ వద్దు, నోటి సుఖమూ వద్దు. ఉమ్మిని తడి కోసం వాడటమూ వద్దు.

ఇప్పుడు పిల్లల మాట. ఈ జబ్బు వల్ల గొడ్రాలితనం రాదు, మగతనం తగ్గదు. పిల్లల కోసం ప్రయత్నించాలంటే కండోమ్ పక్కన పెట్టక తప్పదు కదా. అందుకని ఆయన మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటూ, ఇద్దరి ఒళ్లూ శుభ్రంగా ఉన్న రోజుల్లో, నెలసరికి నెలసరికి మధ్య గర్భం నిలిచే రోజులు చూసుకుని కలవండి. మిగతా రోజుల్లో కండోమ్ వాడండి.

గర్భం నిలిచాక, తల్లికి ఎప్పుడో పాతగా ఉన్న హెర్పిస్ బిడ్డకి అంటడం చాలా అరుదు, నూటికి ఒకరి కన్నా తక్కువ. తల్లి ఒంట్లో తయారైన రక్షణ బొడ్డుతాడు గుండా బిడ్డకీ అందుతుంది. భయపడవలసింది ఒక్క పరిస్థితికే. ముందు లేని తల్లికి నెలలు నిండే సమయంలో కొత్తగా సోకితే, కాన్పులో బిడ్డకి అంటుకునే అవకాశం నూటికి 30 నుంచి 50 దాకా ఉంటుంది. నెలలోపు బిడ్డకి హెర్పిస్ ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే మీ రకాలు ఇప్పుడే తెలియాలని నేను పట్టుపడుతున్నది. ఆయనకి రెండో రకం ఉండి నీకు లేకపోతే, ఏడో నెల దాటాక కాన్పు దాకా కలయిక పూర్తిగా ఆపేయండి. నీకే కింద వచ్చిందని తేలితే, కాన్పు చేసే డాక్టరుకి మొదటి చూపులోనే చెప్పు. 36వ వారం నుంచి రోజూ ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు ఇస్తారు, గర్భిణులకి ఏళ్ల తరబడి ఇస్తున్న మందే అది. నొప్పులు వచ్చేనాటికి పొక్కులు ఉంటే ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తారు, లేకపోతే మామూలు కాన్పే. ఊళ్లో ఆశా దీదీకి ఇదంతా చెప్పాలని ఏమీ లేదు. డాక్టరుకి మాత్రం దాచకు.

పురుడు రోజున ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బిడ్డ మూతిని ముద్దు పెట్టుకుంటారు. మూతి మీద పొక్కు ఉన్నవాళ్లు, నీతో సహా, మేనత్తయినా అమ్మమ్మయినా, ఆ పని చేయకూడదు. మొహమాటపడకు, అడ్డుపడు. పాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు, రొమ్ము మీద పొక్కు ఉంటే ఆ వైపు మాత్రం ఆపాలి.

ఆయనకి ఇప్పుడు ఉన్న పుళ్లకి ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, 7 నుంచి 10 రోజులు వాడటం రివాజు. చీటీలో అదే ఉందో లేదో చూడండి. మంత్రం పేరుతో మధ్యలో ఆపి ఉంటే మళ్లీ డాక్టర్ని కలవండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, గాలి తగిలేలా వదులు పంచె కట్టుకోమను. మూత్రం మంట పెడుతుంటే, చెంబుతో నీళ్లు పోసుకుంటూ పోస్తే చురుక్కుమనదు. మొదటిసారి కాబట్టి రెండు మూడు వారాలు పట్టవచ్చు. తర్వాత ఎప్పుడు వచ్చినా ఇంత ఉండదు, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

ఇద్దరూ కలిసి జిల్లా ఆస్పత్రిలో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉన్న గదికి వెళ్లండి. సుఖవ్యాధులకి సర్కారు పెట్టిన గది అది, ఫీజు ఉండదు. అక్కడ మందులు రంగు రంగు కిట్లలో ఉంటాయి. హెర్పిస్‌కి ఇచ్చేది ఎర్ర కిట్టు, అయిదో నంబరు. ఊళ్లో ఎవరైనా చూస్తారని బెరుకుగా ఉంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి వెళ్లండి, అక్కడ మిమ్మల్ని ఎవరు గుర్తుపడతారు? 1097కి ఫోన్ చేసినా దగ్గరలో ఏ క్లినిక్ ఉందో చెప్తారు, సూరత్‌లో ఉన్నప్పుడు ఆయనకీ అదే నంబరు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఇద్దరూ చేయించుకోండి. ఆయన మీద అనుమానంతో అనడం లేదు. రెండో రకం హెర్పిస్ ఉన్నవాళ్లకి హెచ్‌ఐవీ సోకే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది, అందుకని పొక్కు కనిపించిన ప్రతివాళ్లకీ ఆ పరీక్ష చేయడం పద్ధతి.

డాక్టరు ఒరియాలో చెప్తే అర్థం కాలేదని రాశావు. మళ్లీ అడగడానికి సిగ్గుపడి వచ్చేశావని నాకు తెలుసు, నా దగ్గరకి వచ్చినవాళ్లూ అలాగే తలూపి వెళ్లేవాళ్లు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. జనం మాట్లాడుకునే తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడింది అక్కడి నుంచే. మన ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం మనకి ఇంట్లోనూ భాష లేదు, ఆస్పత్రిలోనూ లేదు. 'అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి, తెలుగు వచ్చినవాళ్లని పిలవండి' అని అడుగు. సరిహద్దు ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన నర్సమ్మ ఎవరో ఒకరు దొరుకుతారు.

అత్తమ్మకి ఎంత చెప్పాలన్నది మీ ఇద్దరి ఇష్టం. 'చర్మం జబ్బు, మందు వాడుతున్నారు, అంటుకోకుండా చూసుకుంటున్నాం' అంటే అబద్ధం కాదు. కానీ మీ ఇద్దరి మధ్య మాత్రం ఏదీ దాగకూడదు. ఆయన్ని మళ్లీ ఒట్టు వేయమని అడగకు. ఇలా అడిగి చూడు: 'ఇది నా నుంచి కూడా వచ్చి ఉండొచ్చట. పాతది కూడా కావొచ్చట. పరీక్ష చేయిద్దాం. పెళ్లికి ముందైనా తర్వాతైనా ఏదైనా ఉంటే నాకు చెప్పు, నా ఆరోగ్యం కోసం తెలియాలి.' ఏదో జరిగిందని ఆయన చెప్తే నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ తర్వాత ఏం చేయాలన్నది నువ్వు నిర్ణయించుకునేది, పొక్కు నిర్ణయించేది కాదు. అప్పుడు కావాలంటే మళ్లీ రాయి, దాని గురించి వేరే మాట్లాడుకుందాం.

నెలాఖరుకి రైలు అన్నావు. ఈ వారంలోనే రక్తం ఇచ్చేయండి. ఆయన సంచీలో ఒక కోర్సు ఎసైక్లోవిర్ పెట్టు, చీటీ నకలు దానితోనే ఉంచు. చిటచిట మొదలైన 24 గంటల్లోపు వేసుకుంటే పొక్కు త్వరగా మానుతుంది, అక్కడ సెలవు దొరికేదాకా ఆగాల్సిన పని ఉండదు. ఎలా వేసుకోవాలో డాక్టరు చేతే చీటీ మీద తెలుగులో రాయించుకో, లేకపోతే చెప్తుంటే నువ్వే రాసుకో. రిపోర్ట్ రాగానే ఏ రకమో, పక్కన ఏ అంకె ఉందో నాకు రాసి పంపు. ఈ రాత్రికి మాత్రం ఆయన చాప లోపల వేయించు. మాఘం చలి ఇంకా తగ్గలేదు.